కంతలో గడ్డం

తలుపు తీయొద్దన్నారు.
గొలుసు తగిలించి కూడా తీయొద్దన్నారు.
లైబ్రరీ మేడమీద ఉచిత సలహా చెప్పే అమ్మాయి
"ఒక్కసారి లోపల కాలు పెట్టనిచ్చారా,
ఇక మీ చేతిలో ఏం ఉండదు గ్లెనిస్" అంది,
బిస్కెట్ నములుతూ.

అందుకే మోకాళ్ళమీద కూచున్నాను,
అరవై ఒకటో ఏట, నా ఇంట్లో నేనే దొంగలా,
ఉత్తరాలు వేసే ఇత్తడి కంత
వేలితో ఎత్తి పట్టుకుని.

కంతలో ఒక గడ్డం.
గడ్డం కింద మెడలో వేలాడే కార్డు.
దాని వెనక హల్ ఊరి వాన.
గడ్డానికి పైన మనిషున్నాడో లేడో
నాకైతే కనబడలేదు.

"కాలిన్ స్టాదర్స్ గారున్నారా?"
లేడండీ.
"మీరు ఆయనకేమవుతారు?"
ఏమీ కాను.
"ఏమీ కాకుండా ఆయనింట్లో ఎలా ఉన్నారు?"

వినండి గడ్డంగారూ,
మొదటి ఉత్తరం తెల్లగా వచ్చింది,
రెండోది పసుప్పచ్చగా,
మూడోదాని నిండా ఎర్రక్షరాలే.
ఈ మనిషి ఇక్కడ లేడని రాసి
ప్రతిసారీ పోస్టు డబ్బాలో వేశాను.
నీళ్ళమీద రాసినా
కాసేపు అలైనా లేచేది.

ఉన్నదాన్ని రుజువు చేయొచ్చు.
లేనివాణ్ణి ఎక్కణ్ణించి తెచ్చి చూపించను?

రోజుకి తొమ్మిది గంటలు
చేపముక్కలకి బ్రెడ్డుపొడి అద్దుతాను.
బస్సులో నా పక్క సీటు
ఎప్పుడూ ఖాళీయే.
అయినా ఈ ఊళ్ళో ఎవరికీ
ఒక్క పెన్నీ బాకీ లేను.
చెప్పుల డబ్బాలో రసీదులున్నాయి, చూస్తారా?
కెటిల్, పద్దెనిమిది పౌండ్లు.
టీవీ, వాయిదాలు లేకుండా.
సోఫాకి లేదు.
అది మావిస్ అక్క పోయాక వచ్చింది,
దానికి రసీదు ఎవరిస్తారండీ?

గడ్డం కాసేపు కదల్లేదు.
కాయితాలు తిప్పుతున్న చప్పుడు.
"పద్దెనిమిది వందల నలభై" అంది,
ఆ అంకె నా పుట్టినరోజైనట్టు.

"పోనీ, ఎక్కడికెళ్ళాడో తెలుసా?"

తెలుసు.

నవంబర్లో ఒక సాయంత్రం వచ్చాడు కాలిన్,
సైకిలు గోడకానించి, లోపలికి రమ్మన్నా రాకుండా.
బూట్లు తడిశాయన్నాడు.
స్కూలు నుంచి ఉత్తరం వస్తే మాత్రం
పంపమన్నాడు, మిగతావి వద్దన్నాడు.
బస్సు టిక్కెట్టు వెనక పెన్సిల్‌తో
చిరునామా రాశాడు. ఎనిమిదో, మూడో
తెలియని అంకె ఒకటుంది అందులో.
అతని కళ్ళు నన్ను దాటి వంటింటి గుమ్మం మీదికి పోయి
గబుక్కున వెనక్కొచ్చాయి.

ఆ గుమ్మానికి గీతలున్నాయి.
హెటీ, మూడేళ్ళు.
హెటీ, నాలుగు.
హెటీ, నాలుగున్నర, "మునివేళ్ళమీద లేచింది, లెక్కలోకి రాదు".
హెటీ, ఐదు.
ఆపైన వట్టి చెక్క.

"తెలీదండీ" అన్నాను.
అబద్ధమాడేటప్పుడు నా గొంతు
ఇంత స్థిమితంగా ఉంటుందని
ఇన్నేళ్ళకి తెలిసింది.

కంతలోంచి కాయితం ఒకటి లోపలికొచ్చింది,
దాని వెనకే రెండు వేళ్ళు,
గోళ్ళు చివరంటా కొరుక్కున్నవి,
వానకి ముడతలు పడ్డవి.
"ఈసారి వేరేవాళ్ళొస్తారు" అంది గడ్డం
కాస్త తగ్గి. "నా అంత నెమ్మది కాదు వాళ్ళు.
ఆ రసీదులు పారేయకండి."

కంత మూసేశాను. లేవడానికి
గోడ పట్టుకోవాల్సొచ్చింది.

ఏ జన్మలో బాకీ పడ్డానో అనుకుందామంటే
కాలిన్‌తో నేను మాట్లాడింది
మొత్తం నాలుగు నిమిషాలు.

వంటింట్లో కెటిల్ పెట్టాను, పద్దెనిమిది పౌండ్లది.
గుమ్మం పక్కన శనివారం కొన్న పెయింటు డబ్బా,
పాలమీగడ రంగు,
ఆ గీతలమీద వేద్దామనే తెచ్చాను.
దాని రసీదు కూడా పెట్టెలోనే ఉంది.
మూత తీయడానికి స్పూను అందుకుని
దాంతో టీ కలుపుకున్నాను.