పన్నెండు గంటల లెక్క

సిరొంచ దాటినంక, ప్రాణహిత ఒడ్డుకు కొద్ది దూరంల
తునికాకు కల్లం కాడ రాత్రి కావలి నాది.
ఎండే కట్టలు ఇసుక మీద వరసలు వరసలు,
బోర్ల పండిన బడిపిల్లల తీరు.
సిగ్నల్ ఒక్క చోటనే:
నీళ్ళ డ్రమ్ము ఎక్కి కూసుంటే
నది దాటొచ్చే తెలంగాణ టవరు, ఒక్క గీత.

ఆ ఒక్క గీత మీదనే దిగింది ఆట.
ముందుగాల పేరు అడిగింది.
తెలుగుల కొట్టిన, డబ్బాలొచ్చినయి.
బళ్ళె నేర్చిన మరాఠీల కొట్టిన, మళ్ళ డబ్బాలే.
సరే తియ్యి అనుకున్న.
మా వీరుని పేరు అట్ల
నాలుగు ఖాళీ డబ్బాలు.

వాడు మంచోడు. నన్నేం అడగడు.
నేను బీడీ ముట్టిచ్చినా, కునుకు తీసినా,
గొంగడి కప్పుకొని ఆకు వాసనల మునిగినా
వాడు కత్తి తిప్పుతనే ఉంటడు.
తెల్లారి తెరిస్తే పెట్టె,
పెట్టె మీద ‘నువ్వు లేనప్పుడు సంపాదించినవి’,
దాని కింద నలభై వేల బంగారు బిళ్ళలు.
నేను లేనప్పుడు నా పేర
ఎవడన్నా ఏమన్నా కూడబెట్టిండా ఇదివరకు?
డ్రమ్ము దిగి ఒక్కణ్ణే నవ్వుకున్న.

కల్లేదారు మదనయ్య చూసి
‘ఇదేం ఆటరా, ఆడుడే లేదు’ అన్నడు.
అదే దాని గొప్ప అని వాదిచ్చిన,
పొద్దెక్కేదాక.
కట్టలు తిరగేస్తున్న లస్మక్క నడుం పట్టుకొని లేచి
‘వాడే కొట్లాడె, వాడే గెలిచె.
మరి నువ్వెందుకు బిడ్డా?’
‘పెట్టె తెరవనీకి.’
‘ఓహో, సేటువన్నట్టు!’
ఆ దినమంతా ఆడోళ్ళు నన్ను సేటూ అనే పిలిచిండ్రు.

తొంభై తొమ్మిది రూపాయలు పోసి
వానికి రెక్కల గుర్రం కొన్న.
వేలు లక్షలైనయి. లక్షల తర్వాత
అంకెల పక్కన అక్షరాలు మొలిచినయి,
అవేందో నాకు తెల్వదు.
రాక్షసులు గూడ అంతే లావైనరు.
వాడు కొట్టే దెబ్బ, వాళ్ళు ఓర్చే దెబ్బ
తరాజుల రెండు తట్టలు. ముల్లు కదలదు.
నెల నడిచి చూస్తే అదే అడవి,
చెట్లకు రంగు మార్చిండ్రు.

అయినా చూసిన.
వైశాఖంల ఒక రాత్రి అట్ల చూస్తనే ఉన్న,
తడిమన్ను వాసన ముక్కుకు తగిలినా తల ఎత్తలే.
ఎత్తేటాలకు గాలి. వెనకనే రాళ్ళవాన.
తాటిపత్రిల కోసం ఉరికిన, అందర్ని లేపిన,
సగం కప్పినం.
మిగిలిన సగం తెల్లారేసరికి మచ్చలు పడ్డది.
లస్మక్క ఒక కట్ట విప్పి
ఆకు ఆకూ కొంగుతోటి తుడిచింది.
ఒక్క మాటన్నా అంటే బాగుండు.
ఫోన్ తెరిస్తే వాని పెట్టె నిండి ఉంది.
ఆడ వాన పడదు.
తీసేసిన.

శ్రావణంల చంద్రపూర్ దవాఖాన.
తమ్ముడు ఓదెలుకు జరం మెదడుకెక్కిందన్నరు.
మంచం పక్క, నేల మీద, పదకొండో రాత్రి
చేతులు ఊకుండక మళ్ళ దించిన.
గుర్తుపట్టింది. నాలుగు డబ్బాలు అట్లనే నిలబడ్డయి.
రెండు నెలలాయె, ఎంత జమైందో అని
పెట్టె తెరిస్తే పన్నెండు గంటల సొమ్ము.
ఎన్నాళ్ళు పోయినా అంతేనట,
పన్నెండు గంటలకు మించి లెక్క కట్టరట.

ముందు కోపమొచ్చింది.
కూలి ఎగ్గొట్టినోని మీద వచ్చే కోపమే.
తర్వాత, నర్సు వచ్చి బాటిల్ మార్చిపోయినంక,
ఆ మిగిలిన దినాలన్నీ వాడేం చేసిండా అనుకున్న.
ఎవని లెక్కల లేని దినాలు.
కత్తి చెట్టుకు ఆనిచ్చి
గుర్రం మీది జీను తీసి
పండుకున్నడేమో.
రాక్షసులు గూడ ఆ పక్కనే
ఒళ్ళు విరుచుకున్నరేమో.
అట్ల అనుకుంటే నాకు నిద్ర పట్టింది,
పదకొండు రాత్రుల్ల మొదటిసారి.

తెల్లారి ఓదెలు కండ్లు తెరిచిండు.
సూది గుచ్చిన చేయి ఎత్తలేక
మొఖం తిప్పి ఫోన్ దిక్కు చూసిండు.
‘ఎవడే వాడు?’
‘ఒకడు.’
‘పేరు?’
నాలుగు డబ్బాలు చూపిచ్చిన.
శానసేపు చూసి, పెదవులు తడుపుకొని,
‘మనూరోడేనా?’ అన్నడు.