ఆటలో అరటిపండు

అహ్మదీలో మా క్లబ్బుకి పచ్చిక లేదు.
పద్దెనిమిది గుంటలకూ ఇసుకే,
గుంట చుట్టూ మాత్రం నూనె కలిపి అణిచిన ఇసుక.
దాన్ని గ్రీన్ అనరు, బ్రౌన్ అంటారు.
ఆడేవాళ్ళు పచ్చదనాన్ని చంకలో పెట్టుకొస్తారు:
మూరెడు ప్లాస్టిక్ గడ్డిచాప.
బంతి ఎక్కడ ఆగితే అక్కడ పరిచి,
దాని మీద పెట్టి కొట్టి,
దులిపి మళ్ళీ చంకలో ఇరికించుకుంటారు.

నేను ఆఫీసులో గుమాస్తాను.
స్థానిక నిబంధనల బోర్డుకి
ఏటా అక్టోబరులో రంగు వేయించేది నేనే.
బంతి పైపులైను కిందకి దొర్లితే జరిమానా లేదు,
తీసి పక్కన వదులుకోవచ్చు.
దబ్బు బొరియలో పడినా అంతే
(దబ్బు అంటే ఇక్కడి ముళ్ళతోక ఉడుము).
ఒంటె గిట్టల గుంటలో పడితే మాత్రం
అది నీ ఖర్మ, అక్కణ్ణించే కొట్టు.
దుమ్ము లేచి ముందున్న జెండా కనబడకపోతే
హారన్ మోగుతుంది, ఎక్కడివాళ్ళక్కడ కర్రలు దించాలి.
ఒకడు కొట్టేటప్పుడు ఇంకొకడు దగ్గకూడదు,
నీ నీడ అతని బంతిని తాకకూడదు.
చివరిది ఎర్ర అక్షరాల్లో:
బ్రౌన్ దిగేముందు నీ అడుగులు నువ్వే చెరిపి వెళ్ళు.

చెరిపేది పోశెట్టి.
ముథోల్ పక్క మనిషి.
గోనెపట్టా చుట్టిన ఇనుపకడ్డీని
గుంట దగ్గర మొదలుపెట్టి
చుట్టు మీద చుట్టుగా అంచుకి లాక్కొస్తాడు,
జొన్నరొట్టె తట్టినట్టు.
వెనక్కి నడుస్తూ లాగుతాడు గనక
అతని అడుగులు కూడా మిగలవు.

నా ఇంకో పని హ్యాండికాప్ రిజిస్టరు.
ఎవరికెంత చేతకాదో అంకెల్లో రాసి
నోటీసు బోర్డుకి గుచ్చాలి.
సిగ్గుపడాల్సింది పోయి
ఇంకో రెండు వేయమని బతిమాలతారు.
డాక్టర్ వర్కీ మోకాలు చూపిస్తాడు.
డ్రిల్లింగ్ పెద్దసారు తన నడుమునొప్పికి
చీటీ రాయించుకొస్తాడు.
అబూ నవాఫ్ ఒక్కడే
తొమ్మిది నుంచి ఎనిమిదికి దించమని
డబ్బా ఖర్జూరాలు తెచ్చాడు.

ఏడాదికోసారి సిబ్బంది ఆట.
అందరికీ ఓ అంకె ఉండాలన్నాడు సెక్రటరీ.
"నాకేం రాసినవ్, సుదర్శన్?"
"ముప్పై ఆరు."
"గంటే?"
కాసేపు మాట దొరకలేదు.
తర్వాత చిన్నప్పటి వీధి గుర్తొచ్చి, "ఆటలో అరటిపండు," అన్నాను.
చిర్రగోనెలో బుడ్డోణ్ణి చేర్చుకునేవాళ్ళం గదా,
వాడు అవుటైనా అవుట్ కాదు.
పోశెట్టి కడ్డీ కింద పెట్టి మరీ నవ్వాడు.
"గీ సార్లందరు అరటిపండ్లేనా?
పదకొండేండ్ల సంది ఊడుస్తున్న,
ఒక్కడు చెప్పకపాయె!"

చిర్రగోనె దెబ్బే కొట్టాడు.
ఆరు గుంటలు ఎలాగో గడిచాయి.
ఏడో దాంట్లో బంతి పోయి పోయి
దబ్బు బొరియ నోట్లో చిక్కుకుంది.
"తీసి పక్కన పెట్టుకో, ఊరికెనే," అన్నాను.
వంగి చూసి లేచాడు.
"లోపట ఇంటాయన ఉన్నడు.
ఎండ దిగినంక తనే నూకుతడు, ఆగు."
కూర్చున్నాడు, చాపముక్క పరచుకుని.
వెనక నేపాలీ వంటవాడు, మిస్రీ డ్రైవరు
కర్రలకు ఆనుకుని చూస్తున్నారు.
వెతకడానికి మూడు నిమిషాలిచ్చింది రూలు.
కాచుకోవడానికెంతో ఎక్కడా రాసి లేదు.

అప్పుడు హారన్ మోగింది.
పడమట ఆకాశం తేయాకు రంగు తిరిగి
మీదికొచ్చేసింది.
ముక్కులకు రుమాళ్ళు కట్టి పరుగెత్తాం.
ఆ రాత్రి పద్దెనిమిది బ్రౌన్‌లూ
ఎవరూ ఊడవకుండానే శుభ్రమయ్యాయి.

పొద్దున పోయి చూస్తే బంతి లేదు.
బొరియ నోరు కొత్తగా తవ్వి ఉంది.
పోయిన బంతికి ఒక దెబ్బ జరిమానా;
అది నాకు తెలియక కాదు.
ఏడో గడి ఖాళీగానే ఉంచి
రిజిస్టరు మూసేశాను.