గుండీ, కాజా

ఇరవై ఏడేళ్లుగా
నరసన్నపేట నడుములు నాకు తెలుసు.
బజారు వీధిలో మేడమెట్ల కింద నా కొట్టు.
కొలతల పుస్తకాలు పదకొండు.
తిరగేస్తే ఊరు ఎలా ఒళ్ళుచేసిందో కనపడుతుంది.
లెక్కల మేస్టారు గవరయ్యగారు ముప్పై, ముప్పై రెండు, ముప్పై ఆరు.
మిల్లు గుమస్తా జోగినాయుడు
పెళ్లినాడు ఇరవై తొమ్మిది, మొన్నటికి నలభై ఒకటి.
ప్రతి పంట్లాం వెనక కుట్టులో
రెండంగుళాల గుడ్డ మడిచి దాచడం నా ఆనవాయితీ.
"రేపు పనికొస్తాది బాబూ" అని నవ్వేవాణ్ణి.

నా నడుం నేను ఎప్పుడూ కొలవలేదు.
సొంత బట్టకి కత్తెర వేసేటప్పుడు
చెయ్యి దానంతటదే కాస్త వదులిస్తుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ
నా మెడలో టేపే లాగి నా పొట్ట చుట్టూ వేసింది.
"నూట రెండు సెంటీమీటర్లు.
తొంభై దాటకూడదు కూర్మారావు గారూ."
ఇన్నాళ్లూ అంగుళాల వైపే చూశాను.
టేపు రెండో పక్క తిరిగి
నామీదే సాక్ష్యం చెప్పింది.
షుగరు వచ్చేసిందా అమ్మా అంటే
"ఇంకా లేదు, మీ అరుగు మీద కూర్చుని ఉంది" అంది.
బీపీ, నెత్తుట్లో కొవ్వు, కాలేయంలో కొవ్వు,
అన్నీ ఒకే తానులో పోగులట.
"ఇన్సులిన్ మీకు బోలెడు తయారవుతోంది.
ఒంట్లో కణాలే దాని మాట వినడం లేదు."

బుర్రకి ఎక్కలేదు.
కొట్టుకొచ్చి చొక్కాకి కాజాలు తీస్తుంటే ఎక్కింది.
గుండీ మంచిదే. కాజా బిగుసుకుపోయింది.
ఒక్క గుండీ పట్టేచోటికి ఒళ్ళు పది గుండీలు పంపిస్తోంది,
తిన్న తిండి గుమ్మం బయట నిలబడి
నెత్తుట్లో పాకమవుతోంది.
పాకం అనుకోగానే నవ్వొచ్చింది.
తినే కాజా కూడా ఉంది కదా మనకి!
ఎదురు మిఠాయి కొట్టు నుంచి
రోజూ సాయంత్రం ఆరింటికి ఆకులో రెండు వచ్చేవి,
ఏడు టీలు వేరే.
ఆ కాజాలు వచ్చి ఈ కాజాల్ని కుట్టేశాయి.

దాలమ్మ ఏమీ అనలేదు.
అన్నం గిన్నె తనవైపు జరుపుకుని
తోటకూర గిన్నె నావైపు తోసింది.
ఉలవలు ఉడికించింది, నెత్తళ్ళు వేయించకుండా పులుసు పెట్టింది.
సంతలో చోళ్ళ ధర విని నోరెళ్ళబెట్టింది.
అంబలి తాగి బడికెళ్లామని
ఒకప్పుడు ఎవరికీ చెప్పుకునేవాళ్లం కాదు.
ఇప్పుడది రంగు పొట్లంలో కూర్చుని మనల్ని ఎగాదిగా చూస్తోంది.
నేను రెండో చెంబు అడిగితే మాత్రం
"సాల్లే, కడివెడు తాగితే సోడైనా ఒకటే, వరైనా ఒకటే" అంది.
డాక్టరమ్మ కూడా అంత సూటిగా చెప్పలేదు.

తర్వాత మిషను వంక చూశాను.
ఆరేళ్ల కిందట మోటారు పెట్టించాను,
ఆనాటి నుంచి నా కాళ్ళకి కూలి పోయింది.
విప్పేశాను.
తోలు బెల్టు కొని చక్రానికి వేశాను.
మొదటి వారం పిక్కలు బండబూతులు తిట్టాయి.
మధ్యాహ్నం భోజనం కాగానే కునుకు తీసేవాణ్ణి,
ఇప్పుడు కాలువ గట్టు మీద పావుగంట,
వంశధార నీళ్ళు ఉన్నా లేకపోయినా.

మధ్యలో పోలాకిలో పెళ్లి.
నాలుగు బూరెలు, నెయ్యి గుంట తీసి మరీ.
దాచడం ఎందుకు, రుచి ఇంకా నాలుక మీదే ఉంది.
మర్నాడు గట్టు మీద రెండుసార్లు తిరిగాను,
అప్పు తీరినట్టు అనిపించలేదు గానీ
ఇంటికి కాస్త తలెత్తుకుని వచ్చాను.

నాలుగు నెలలకి తొంభై ఏడు.
"ఇంకా ఏడు" అంది డాక్టరమ్మ, నవ్వకుండానే.

నిన్న జోగినాయుడు పంట్లాం తెచ్చి
కుట్టులో దాచిన గుడ్డ విప్పమన్నాడు.
విప్పనన్నాను.
"రేపు తిండయ్యాక గట్టుకి రా, తర్వాత సూద్దాం."
కోపంగా పంట్లాం ఇక్కడే పడేసి పోయాడు.
వస్తాడో రాడో.

రాత్రి నా పంట్లాం తీసి కుట్లు విప్పాను.
నడుం బిగించి
దాచిన రెండంగుళాల్లో ఒకటి కత్తిరించాను.
రెండోది ఉంచాను.
నన్ను నేను ఎరుగుదును.