ఒంటరి వరకు రాయి

ఫాతిమా నగర్ బ్రిడ్జి దిగంగనే
జిరాక్స్ షాపుకూ చికెన్ సెంటర్‌కూ నడుమ
నేను కూసునే మీసేవ.
పొద్దంత జనం పేర్లు కొడుత,
నా పేరు ఎవ్వరడగరు.

జూన్ నెల. సర్వర్ ఒక దమ్ము పట్టి
ఒక దమ్ము ఇడుస్తున్న పూట
ఓదెలు వచ్చిండు, బిడ్డ చెయ్యి పట్టుకొని.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసినోడు.
సీజన్ అయిపోయి నెల దాటినా
అంగిల ఘాటు పోలే.
నాకు తుమ్మొచ్చింది,
పిల్లకు రాలే.

ఇంటి నంబరు? అన్న.
"పద్నాలుగు."
పద్నాలుగు బై ఎంత?
"బై ఏం లేదు చెల్లె, పిల్లర్ పద్నాలుగు.
నల్ల పెయింటుతోని రాసున్నది, వచ్చి చూడు."
కొట్టిన. ఎర్రగ తేలింది:
సరైన ఇంటి నంబరు నమోదు చేయండి.
ఓట్లప్పుడు మాత్రం
చీకట్ల టార్చి ఏసుకొని
సక్కగ ఆ పిల్లర్ కాడికే వచ్చిండ్రట.

పింఛన్ ఏ రకం?
బాణం గుర్తు నొక్కితే కిందికి జారే వరుస.
నేను చదువుతున్న,
హాజరు పిలిచేటప్పుడు బడిపిలగాని లెక్క
ఆయన చెవి రిక్కిచ్చి నిలవడ్డడు.
వృద్ధాప్యం. ఆయనకు ముప్పై ఎనిమిది.
వికలాంగం. నడుం చూపిచ్చిండు,
అది బస్తాకే తెలిసే నొప్పి, డాక్టరు సంతకంల పట్టదు.
గీత. "తాడిచెట్టు ఎక్కరాదు."
బీడీ. "తాగుత, చెయ్య."
చేనేత. "మా నాయిన ఆజంజాహి మిల్లుల చేసిండు గదా?"
మిల్లు వేరు, మగ్గం వేరన్న.
మూతవడ్డంక రెండూ ఒకటే, అన్నడు మెల్లగ.

వితంతువు.
అమ్మేదే అని అడిగితె పిల్లే చెప్పింది:
"బండెక్కింది."
బల్లార్షా దిక్కు పోయే బండి, మూడేండ్ల కింద.
సచ్చిపోయినోళ్లకు మున్సిపాలిటిల కాయితమిస్తరు.
బండెక్కినోళ్లకు
ఏ కౌంటర్ల ఇస్తరు?

ఆఖరుది ఒంటరి మహిళ.
ఆ రెండు మాటల దిక్కు చానసేపు చూసిండు.
"ఒంటరి వరకు రాయి చెల్లె,
మహిళ తీసెయ్."

నేను నవ్విన. ఓనరు నవ్విండు.
వెనుక లైన్ల ఎవరో గట్టిగనే నవ్విండ్రు.
ఓదెలు నవ్వలే.
జవాబు కోసం సూస్తున్నడు.

పని లేదన్న భృతికేమన్న ఉందా అన్నడు.
పని ఇచ్చినోడే
ఇగ ఇయ్యనని రాసియ్యాలె, అన్న.
ఆయనకు పనిచ్చింది మిర్చి.

వేలు పెట్టమన్న. మిషన్ గుర్తు పట్టలే.
అంగికి తుడిచిండు, పెట్టిండు. పట్టలే.
పిల్ల నెత్తికి తుడిచిండు, ఇంకోసారి పెట్టిండు.
కారం తిన్న వేళ్ల మీద గీతలు ఎక్కడుంటయి?
ఏడోసారికి ఏమనిపించిందో మిషన్‌కు, పట్టింది.

రకం: ఇతరములు.
ఇంటి నంబరు కాడ నా వేళ్లు ఆగినయి.
ఓనరు చాయ తాగనీకి పోయిండు.
నా కిరాయి రూం నంబరు కొట్టిన,
రెండు, అయిదు, నూట పద్దెనిమిది బై ఏ.
పచ్చగ తేలింది.
ఎవరన్న అడిగితె ఇది చెప్పాలె అని
చీటి మీద రాసిచ్చిన.
ఫోన్ నంబరు కూడ నాదే.

పదకొండు దినాలకు రాత్రి నా ఫోన్ మోగింది:
దరఖాస్తుదారు నివాసంపై విచారణకు అధికారి వస్తారు.
తారీఖు లేదు.
మా ఇంటామె ఎట్లాంటిదో నాకెరుక.
నిద్ర పట్టలే.

తెల్లారి డ్యూటికి పోకముందే బ్రిడ్జి కిందికి పోయిన.
వాన వడ్డది, పద్నాలుగో పిల్లర్ కాడ
అట్టముక్కల మీద పిల్ల కూసున్నది,
చీటి వొళ్లో పెట్టుకొని కండ్లు మూసుకొని సదువుతున్నది,
రెండు, అయిదు, నూట పద్దెనిమిది బై ఏ,
ఎక్కం లెక్క, ఊగుకుంట.

నన్ను చూసి లేచింది.
"అక్కా, సార్ అడుగుతడేమో.
ఆ ఇంటికి కిటికీలెన్ని?"

ఒక్కటే, అన్న.
దాన్ని తీస్తే పక్కింటి గోడ.
పిల్ల దాన్ని కూడ చీటి మీద రాసుకున్నది.