సున్నా కామా నలభై

పీరా సార్ లెక్క ఇంతే:
x చోట సంఖ్య పెట్టు, y చోట సంఖ్య పెట్టు,
ఎడమ పక్కా కుడి పక్కా ఒకటైతే
బిందువు సమీకరణాన్ని తృప్తిపరిచినట్టు.
కాకుంటే లేదు. నడుమ మాట లేదు.

బోర్డు మీది బిందువులు అయిపోయినా
నా చెయ్యి ఆగలేదు.
గూట్లో అమ్మ చీటీల కట్ట ఉంది,
ఎర్రగుంట్ల బండల పాలిష్ ఫ్యాక్టరీవి,
తడిసి ఆరి, బూడిద రంగు రొచ్చు అంటి
అప్పడాల్లా పెళుసెక్కినవి.

పనిలో చేర్చుకున్న పొద్దు
గుమాస్తా ఓబులేసు చెప్పిన మాటనే
సమీకరణంగా రాసుకుంటిని.
బండకు పన్నెండు. ఆటోకు, పోను రాను, నలభై.
y = 12x + 40

ఇరవై ఐదు బండలు, మూడు వందల నలభై.
పెట్టి చూస్తిని. సరిపోయింది.
ఇరవై రెండు, మూడు వందల నాలుగు.
సరిపోయింది.
అమ్మ వంగి చేసిన పని
గ్రాఫు కాగితం మీద
వంగకుండా ఎక్కుతా ఉంది.

ఇరవై ఎనిమిది, మూడు వందల అరవై ఆరు.
మళ్ళీ చేస్తిని.
పన్నెండు ఇరవై ఎనిమిదులు మూడు వందల ముప్పై ఆరు,
నలభై కలిపితే డెబ్బై ఆరు.
పది రూపాయలు గీత కింద పడి ఉంది.
"ఆ పొద్దు ఒక బండకు మూల ఇరిగింది లేమ్మే,"
పొయ్యి కాడి నుంచి అమ్మ.
విరిగిన మూలను x లో ఎట్ల రాయాలో
సార్ చెప్పలేదు.

ఆ తర్వాత గురువారం.
కరెంటు లేదు, మిషన్లు తిరగలేదు.
పొద్దుగూకే దాకా రేకుల కింద కూర్చోబెట్టి
పంపించినారంట. చీటీ కూడా లేదు.
అమ్మే బొగ్గుతో గోడ మీద
గుండ్రంగా సున్నా చుట్టింది.
సున్నా బండలు, సున్నా రూపాయలు.

x సున్నా అయితే పన్నెండు మాయమైతుంది.
నలభై మాయం కాదు.
అది x చెయ్యి పట్టుకొని లేదు.
గీత నిలువు అక్షాన్ని తాకే చోటు అది.
ఆటో అయితే పోయింది. ఆటో అయితే వచ్చింది.

"అమా, ఈ బిందువు తృప్తిపరచడం లేదు," అంటిని.
"ఎవుర్ని?" అనింది.
కాగితం చూపిస్తిని.
x ను తప్పు గుర్తనుకుంది.
నలభై మీద మాత్రం వేలు పెట్టి
శానాసేపు తియ్యలేదు.

తెల్లారి గ్రాఫు పుస్తకంలో ఒక పేజీ లేదు.
ఇంటిపని యాడుంది అన్నాడు పీరా సార్.
"ఫ్యాక్టరీకి పోయింది, సార్."