కాలరు మైకు

ఆ కథ నేను నలభై ఒక్కసారి విన్నాను.
షోలింగనల్లూరులో, గిండీ హోటల్లో,
సిరుసేరి అద్దాల మేడ మూడో అంతస్తులో,
ఒకసారి తాంబరం అవతల ఎరువుల కంపెనీ గోడౌన్లో,
మూటల మధ్య.
నాది సౌండు పని. ఆయనది మాట పని.
కాలరుకు మైకు గుచ్చేటప్పుడు
మెడ కింద నొప్పి మందు వాసన.
అది నా ఒక్కడికే తెలుసు.

లయొనెల్ జ్ఞానముత్తు. ఒకప్పటి రగ్బీ కెప్టెను.
ఎడమ చెవి స్క్రమ్ముల్లో నలిగి నలిగి
గోబీపువ్వులా ముద్దకట్టింది.
"స్పీకరు కుడి పక్క పెట్టు తమ్ముడూ" అంటాడు
తెలుగులో, నాకోసం.
పెరంబూరులో పక్కింటివాళ్ళ దగ్గర ఏరుకున్న
ఒత్తుల్లేని తెలుగు.

దీపాలు తగ్గుతాయి.
కథ నా వేలికి కంఠతా వచ్చు.
"పడ్డాను" అంటే రెండు గీతలు కిందికి,
"లేచాను" అంటే మూడు పైకి,
ఆ పైన చప్పట్లు.

కథలో భుజం ఒక్కసారే జారుతుంది.
వ్యానులో చెప్పినప్పుడు నాలుగుసార్లు జారింది.
కథలో రైల్వే మైదానం పచ్చగా ఉంటుంది.
వ్యానులో అది ఏప్రిల్ ఎండకు పెంకైపోయి
మోకాళ్ళ తోలు వసూలు చేసేది.
ఆటగాళ్ళు పదిహేను మంది, బూట్లు పదమూడు జతలు.
ఆ లెక్క ఎలా కుదిరిందని
ఏ కంపెనీ అడగలేదు.

ఒక్క మాట మాత్రం రెండు చోట్లా ఒకటే:
"ఈ ఆటలో బంతిని ముందుకు విసరకూడదు.
ముందుకు పరిగెత్తాలి, వెనక్కి ఇవ్వాలి.
చూడకుండానే.
అక్కడ మనవాడు ఉంటాడని."

అక్కడ ఆగుతాడు. మేనేజర్లు రాసుకుంటారు.
నిన్న మాత్రం వెనక వరసలోంచి,
రాత్రి షిఫ్టు దిగి, కళ్ళు తెరిచే నిద్రపోతున్న పిల్ల ఒకతె
చెయ్యెత్తింది.
"ఎవరండీ వెనక ఉన్నది?"

పదకొండు సెకన్లు.
నా మీటరు మీద ఏసీ హోరు తప్ప ఏమీ లేదు.
"సెల్వనాయగం" అన్నాడు కెప్టెను.
"ఆవడిలో ఆటో సామాన్ల కొట్టు.
నేను ఫోను చేసి ఆరేళ్ళయింది."

పైకి జరపాలో కిందికి జరపాలో
వేలికి తెలియలేదు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
హెచ్చార్ ఆవిడ పూలగుత్తి పట్టుకుని
మెట్టు మీదే నిలబడిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక తీగలు చుడుతున్నాం.
ఆయన ఎప్పుడూ సాయం పడతాడు, చెప్పినా వినడు.
వంగినవాడు వంగినట్టే
నల్ల టేపు చుట్టను నడుం పక్కనుంచి
వెనక్కి విసిరాడు, నావైపు చూడకుండా.
నా అరచేతికి తగిలి ఎగిరి
ఆయన కాళ్ళ మధ్యనుంచి ముందుకు దొర్లిపోయింది.

"నాక్ ఆన్!" అని అరిచాడు,
కుర్చీలు అదిరేటట్టు.
నలభై ఒక్క కథల్లో ఆ గొంతు నేను వినలేదు.
"ఇక బంతి వాళ్ళది."
ఎవరిది సార్, అన్నాను.
టేపు ఇంకా దొర్లుతూనే ఉంది.