ఇరవై రెండంగుళాల గోడ

టేపు పట్టుకుని లోపలికెళ్తే
ముందుగా చేతికి తగిలింది ఉప్పు.
వన్‌టౌన్‌లో, హార్బరు వైపు దిగే సందులో,
ఒకప్పటి గోనెసంచుల ఏజెంటు ఆఫీసు.
గోడ గీకితే సున్నంతో పాటు
సముద్రం కూడా పొడిపొడిగా రాలింది.

నాకిచ్చిన కాగితంలో నాలుగే ముక్కలు:
నలభై కుర్చీలు, రెండు మీటింగు గదులు,
కాఫీ యంత్రం,
పాతదనం పోకుండా చూడండి.
పాతదనం ఎన్ని చదరపు అడుగులో
రాయలేదు.

గోడ మందం ఇరవై రెండంగుళాలు.
మా మధురవాడ ఫ్లాటు గోడలు
ఇందులో నాలుగు పడతాయి,
పక్కింటి కుక్కరు విజిళ్లతో సహా.

దాలయ్య మేస్త్రీ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.
"సిమెంటెట్టకండమ్మా. దీనికి ఊపిరాడాల.
మూసేస్తే లోపల్లోపలే సెమ్మటోడ్చి సచ్చిపోద్ది."
గానుగ సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం.
బిల్లులో బెల్లం చూసి
ఓనరు మనవరాలు ఫోను చేసింది, పొరపాటేమో అని.
చీమలు మాత్రం ఏ పొరపాటూ పడలేదు,
మూడో రోజుకే వరస కట్టాయి.

ఫాల్స్ సీలింగు ఊడదీసిన పూట
ముప్ఫై ఏళ్ల పావురాల రెట్ట మా నెత్తిన పడింది.
పైన బర్మా టేకు దూలాలు,
వాటికి వరసగా ఇనప కొక్కేలు, ఏమీ వేలాడకుండా.
వరండా గోడలో, తలకు జానెడు పైన, ఒక కన్నం.
ఎలకదనుకుని పూడ్చబోయాం.
దాలయ్య నిచ్చెనెక్కి వేలు పెట్టి చూశాడు:
"నున్నగుందమ్మా. కింది అంచొకటే అరిగిపోయింది."

అప్పుడు వెలిగింది. తాడు.
లోపల గుడ్డ పంకా, దాని కింద దొర,
బయట ఎండలో తాడు చివర ఒక చెయ్యి.
అటక మీద దొరికిన జీతాల పుస్తకంలో
"పంకాకి ఒకడు" అని ఉంది.
పేరుకి గడి లేదు.
జీతం అంకెని చెదలు తినేశాయి,
పనిని వదిలేశాయి.

ఆ కన్నంలోంచే ఇంటర్నెట్టు తీగ లాగాం,
నీలం రంగుది.
కొత్తగా గోడ తొలవక్కర్లేకుండా పోయిందని
నేను సంబరపడ్డాను కూడా.

ఏసీ డబ్బాలు వరండాలో గీశాను.
మెట్టు మీద ఎండుచేపల బుట్టతో కూర్చునే నూకరత్నం
నా చేతిలో కాగితం తిరగేసి పట్టుకుని
ఇదేటి, అదేటి అని అడిగింది.
చెప్పాను.
"అయితే సల్లదనం ఆలకీ, సెగ నాకూనా?"
నవ్వుతూనే అంది.
కాగితం తిరగేసి ఉన్నా
నాకంటే సరిగ్గా చదివింది.

డబ్బాలు మేడ మీదికెక్కాయి.
రాగి గొట్టం పదకొండు మీటర్లు ఎక్కువైంది.
ఆ పద్దు మీద ఓనరుకీ నాకూ ఇంకా తెగలేదు.

ఇప్పుడు నలభై కుర్చీలూ నిండుతున్నాయి.
రేవులో ఓడ కూత వేస్తే
నలభై మందీ ఒకేసారి మైకు నొక్కేస్తారు,
ఎక్కడో కూర్చున్న మేనేజర్లకు
మన సముద్రం వినబడకుండా.
ఎండుచేపల వాసన మీద రెండు ఫిర్యాదులొచ్చాయి.
మధ్యాహ్నం అదే మెట్టు మీద
ఆ ఫిర్యాదు రాసినవాడే పావుకిలో బేరమాడటం
నేను చూశాను.

నిన్న తనిఖీకి వెళ్లాను.
ప్రింటరు పక్క గోడ మళ్లీ ఉప్పు పూసింది,
అరచెయ్యంత మేర, తెల్లగా.
దాలయ్యకి ఫొటో పంపితే
"అది పోదమ్మా, తుడుసుకోడమే" అన్నాడు.

తుడవబోయి ఆగాను.
ఆ ఉప్పు మీద ఎవరో వేలితో
వైఫై పాస్‌వర్డు రాశారు.
వానాకాలం లోపు వాళ్లే మారుస్తారో,
గోడే మార్చేస్తుందో.